గడప దాకా వచ్చే చప్పుడు

కిరసనాయిలు వాసన.

ఎండ మండుతున్న వీధిలో, బస్సు వదిలిన పొగలో, పక్కన కోస్తున్న చెక్క పొట్టు వాసనలో... సన్నగా, దారంలా, అదొక్కటే వేరుగా వచ్చింది.

ఆమె ఆగింది.

మందుల షాపుకని బయల్దేరిన మనిషి. ఒక చేతిలో సంచీ, ఒక చేతిలో గొడుగు. ఎందుకు ఆగాయో కాళ్ళకి తెలిసింది. ఆమెకింకా తెలియలేదు.

ఈ రోజుల్లో ఎవరింట్లో ఉంది కిరసనాయిలు? ఎవరి వేళ్ళకి ఉంది ఆ వాసన?

తల తిప్పి చూసింది. పాతసామాన్ల కొట్టు.

ఈ వీధిలోకి రావడం మానేసి రెండేళ్ళయింది. అసలు దారిలో గొయ్యి తవ్వారు. అందుకని ఇటు తిరిగింది. లేకపోతే తిరిగేది కాదు.

కొట్టు ముందు పరిచిన పట్టా మీద — జాలీ తలుపుల బీరువా. బొగ్గుల ఇస్త్రీపెట్టె. కాఫీ గింజల మర. చిమ్నీ లేని లాంతరు. వాటన్నిటికీ ముందు, ఎండలో, మూడు కాళ్ళ మీద నిలబడి, ఇత్తడి పంపు స్టవ్వు.

పెళ్ళిలో జనం మధ్య కొన్ని మొహాలు కనిపిస్తాయి. ఎక్కడ చూశాను వీళ్ళని, అనుకునేలోపే తెలిసిపోతుంది.

మన వాళ్ళే.

*

ఆమెని అందరూ నర్సమ్మ అనేవాళ్ళు. ఆస్పత్రిలో జీవితమంతా వార్డుల మధ్య తిరిగింది. రిటైరయ్యాక కూడా ఆ పేరు రిటైర్ అవలేదు. కూరగాయల మనిషికీ నర్సమ్మే, ఇంటి ఓనరుకీ నర్సమ్మే.

ఒక్క అక్కకి మాత్రం చంటి.

అరవై దాటిన చంటి.

ఆ ఇంట్లో వాళ్ళిద్దరే. అమ్మ పోయేనాటికి చెల్లెలికి అక్షరాలు రావు. అక్కకి అప్పుడే ఓణీలు. ఆ రోజునుంచీ అక్కే అమ్మ, అక్కే నాన్న. అవసరమైతే అత్తగారి సాధింపు కూడా అక్కే. కుట్టుమిషను తొక్కి చెల్లెల్ని చదివించింది. చెల్లెలు నర్సయింది. సంబంధాలు రాకపోలేదు. వచ్చిన ప్రతిసారీ ఒకరు రెండోవాళ్ళ మొహం చూసేవారు. అలా చూసుకుంటూ ఉండగానే సంబంధాలు రావడం మానేశాయి. ఇద్దరూ హమ్మయ్య అనుకున్నారు. ఆ మాట ఒకరితో ఒకరు ఎప్పుడూ అనుకోలేదు.

ఒకరి చేతులకి స్పిరిట్టు వాసన. ఒకరి చేతులకి కిరసనాయిలు వాసన.

ఉదయం డ్యూటీ అయితే చీకటితో లేవాలి. ఇంట్లో అలారం లేదు. స్టవ్వే అలారం.

ముందు అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

తర్వాత ఏమీ ఉండదు. చాలాసేపు... ఏమీ ఉండదు.

తర్వాత పంపు. చిక్, చిక్, చిక్.

తర్వాత భుస్సుమని ఒక పొంగు. ఆ పొంగు సర్దుకుని, సన్నబడి, గుండ్రంగా తిరిగి — ఇక ఆగని హోరు.

ఆ హోరు పక్కమీదకి వచ్చి ఆమెని లేపేది. కళ్ళు తెరవకుండానే నడిచి వచ్చి వంటింటి గడప ఇవతల కూలబడేది. ద్వారబంధానికి తల ఆనించేది. మళ్ళీ నిద్రపోయేది. కొసరు నిద్ర. రాత్రంతా పడుకున్న నిద్ర ఒకెత్తు, ఆ కాసేపు ఒకెత్తు. హోరులో నిద్ర, వెచ్చదనంలో నిద్ర, ఎవరో మెలకువగా ఉన్నారని తెలిసిన నిద్ర.

మూతి కాలేంత వేడి కాఫీ గ్లాసు చేతికి తగిలితే అప్పుడు తెల్లవారేది.

గ్యాసు వచ్చింది. అందరిళ్ళల్లోకీ వచ్చినట్టే వాళ్ళింట్లోకీ వచ్చింది. అన్నం గ్యాసు మీదకి మారింది, కూర మారింది. పొద్దుటి కాఫీ మాత్రం మారలేదు. ఎందుకే అక్కా ఈ చాకిరీ అంటే, గ్యాసు మూగదే, ఇంట్లో మనిషి లేచినట్టే ఉండదు, అనేది అక్క.

పోనీ ఒక్కరోజు నేను వెలిగిస్తానని చెల్లెలు చెయ్యి చాపితే ఆ చేతి మీద ఒకటి తగిలేది. అది ఒక్క చేతికే అలవాటు పడ్డ మొండిఘటం. నలుగురు చేతులు పెడితే మొరాయిస్తుంది. నువ్వెళ్ళి ఇంజెక్షన్లు చేసుకో పో.

అలా ఆమె ఎప్పుడూ స్టవ్వు వెలిగించలేదు.

ఒక్కసారీ.

*

అక్క పోయింది. చెల్లెలు పనిచేసిన ఆస్పత్రిలోనే, చెల్లెలు ఎన్నో మంచాలు సర్దిన వార్డులోనే పోయింది.

ఎవరో వచ్చారు, ఎవరో వెళ్ళారు. ఓనరు ఇల్లు అమ్మేశానన్నాడు. ఆమె మేడమీద ఒంటి గది తీసుకుంది. సామాన్లకి ఆ గదిలో చోటు లేదు. చోటున్న వాటిని కూడా ఉంచుకోలేదు. ఒక్కటి ఉంచుకుంటే అన్నీ ఉంచుకోవాలి. అన్నీ ఉంచుకుంటే అక్క కూడా కావాలి. అందుకని పాతసామాన్ల కొట్టాయన్ని పిలిచి, బండి ఎక్కిస్తున్నంతసేపూ వీధి చివరకెళ్ళి నిలబడింది.

గదిలోకి కరెంటు కెటిల్ కొనుక్కుంది. నీళ్ళు మరిగితే టక్కుమని తనంతట తనే ఆగిపోతుంది.

దానికి ఎవరూ అక్కర్లేదు.

*

ఇదిగో, ఇప్పుడు ఈ ఎండలో, ఈ కొట్టు ముందు.

కొట్టాయన ఆమెని గుర్తుపట్టి స్టూలు వేశాడు. మంచినీళ్ళిచ్చాడు. ఇదివరకు ఇవన్నీ కాటాకి వేసి కరిగించేవాళ్ళకి పంపేవాణ్ణనీ, సినిమావాళ్ళు అద్దెకి తీసుకోవడం మొదలుపెట్టాక ఏదీ అమ్మడం లేదనీ చెప్పాడు. మనుషులకి రిటైర్మెంటు గానీ సామాన్లకి మళ్ళీ ఉద్యోగాలొచ్చాయి నర్సమ్మగారూ, అని నవ్వాడు. నవ్వుతుంటే ఒక కనుబొమ్మ సగమే ఉంది. ఇందాకే కాలింది. స్టవ్వు వెలిగించి చూపిద్దామని పోతే.

చూపించమన్నది ఒక అమ్మాయి. కురచ జుట్టు, చెవిమీద పెన్సిలు. సినిమాకి సెట్టు వేసే అమ్మాయి. అద్దెకి తీసుకోవాల్సిన వాటికి ఫోనులో ఫొటోలు తీసుకుంటోంది. స్టవ్వు దగ్గరికొచ్చి ఆగింది. ఇది నిజంగా వెలగాలి, హీరోయినే వెలిగించాలి, మా డైరెక్టరు గారికి ఉత్తుత్తి పొగ నచ్చదు, ఎవరైనా వచ్చి నేర్పాలి, అంటోంది.

కొట్టాయన గడ్డంతో ఇటు చూపించాడు. అవన్నీ ఆవిడవేనన్నాడు.

అమ్మాయి దగ్గరికొచ్చింది.

"మీకొచ్చా ఆంటీ, దీన్ని వెలిగించడం?"

ఆమె అమ్మాయిని చూడలేదు. స్టవ్వుని చూసింది. దాని కాళ్ళలో ఒకటి కొద్దిగా వంకర. ఆ కాలి కింద అక్క మడత పెట్టిన అట్టముక్క ఒకటి ఉంచేది. ఇప్పుడు లేదు. అందుకే ఒరిగి ఉంది.

"వచ్చు," అంది.

అబద్ధం.

ఆస్పత్రిలో ఆమె చెప్పిన అబద్ధాలన్నీ ఇతరుల కోసమే. నొప్పి ఉండదు, చీమ కుట్టినట్టే. రేపటికి లేచి తిరుగుతారు. ఇది మాత్రం తన కోసం చెప్పుకుంది. ఇంకొక్కసారి ఆ సామాన్ల మధ్య కూర్చోవాలనిపించింది.

అంతే.

*

ఊరి చివర పెద్ద రేకుల షెడ్డు. షెడ్డులో ఒక ఇల్లు.

మూడు గోడల ఇల్లు.

నాలుగో గోడ ఉండాల్సిన చోట లైట్లు, తీగలు, కుర్చీలు, కాఫీ కప్పులు, జనం. లోపల మాత్రం ఇల్లే. సున్నం పెచ్చులూడిన గోడ. తట్టి చూస్తే డొల్ల. కిటికీ అవతల చెట్టు. ముట్టుకుంటే గుడ్డ మీద రంగు.

జాలీ బీరువా మాత్రం నిజం. దాని కింది అరలో పాల లెక్కకి అక్క పెన్నుతో గీసిన గీతలు నిజం. కాఫీ మర పిడి దగ్గర అరిగిన చెక్క నిజం.

అబద్ధపు గోడల మధ్య నిజం సామాన్లు. ఆమె ఆ మధ్యలో నిలబడింది. చెప్పులు ఎక్కడ విప్పాలో తెలియలేదు. ఎవరూ విప్పలేదు. ఆమె విప్పింది.

హీరోయిన్ అనగానే ఏదో అనుకుంది. తీరా చూస్తే బక్కపల్చటి పిల్ల. ముతక చీర కట్టించారు. చీర కొంగు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక భుజం మీద పిల్లిపిల్లని మోస్తున్నట్టు పట్టుకుంది. సినిమాలో ఆ పిల్లది ఒంటరి ఇల్లాలి వేషమట. పొద్దున్నే లేచి స్టవ్వు వెలిగిస్తుందట. అంతే సీను. మాటలు లేవు.

ఆంటీ గారూ, చూపించండి, అన్నారెవరో.

అందరూ చూస్తున్నారు.

ఆమె కూర్చుంది. ఏది ముందో చేతులకి తెలియలేదు. చీకట్లో కూడా నరం వెతికి సూది దించిన చేతులు. పసిబిడ్డ మణికట్టులో వెంట్రుకంత నరాన్ని పట్టుకున్న చేతులు.

కిరసనాయిలు పోసింది. అగ్గిపుల్ల గీసింది. పంపు కొట్టింది.

పసుపుపచ్చటి మంట ఒక్కసారి మనిషెత్తు లేచింది.

ఎవరో తడిగోనె విసిరారు. పొగ. మసి. దగ్గులు. డొల్లగోడ మీద నల్లటి మరక. సెట్టు అమ్మాయి పరుగున వచ్చి, ఏం కాలేదు కదా ఆంటీ, అని చేతులు తిప్పి తిప్పి చూసింది. ఏం కాలేదు. పాతది కదా, మొరాయిస్తోంది, అంది ఆమె. ఆ మాట అంటుంటే గొంతు తనది కానట్టుంది.

అందరూ టిఫిన్లకి వెళ్ళారు.

ఆమె అక్కడే కూర్చుంది. వెళ్ళిపోవాలి. ఇప్పుడే లేచి, చెప్పులు తొడుక్కుని, ఎవరికీ కనపడకుండా.

పక్కన ఎవరో చతికిలబడ్డారు. ముతక చీర. ఆ పిల్ల.

"మీరు దీన్ని ఎప్పుడూ వెలిగించలేదు కదా ఆంటీ?"

గొంతు తగ్గించి అడిగింది. నిలదీసినట్టు లేదు. ఒళ్ళు వెచ్చగా ఉందా అని అడిగినట్టుంది.

ఆమె మసి చేతుల్ని చూసుకుంది.

"మా అక్క వెలిగించేది," అంది. "నేను వినేదాన్ని."

ఆ పిల్ల నవ్వలేదు. లేచి వెళ్ళి ఎవరికీ చెప్పలేదు. కాసేపు స్టవ్వుని చూసింది. మీరు వినండి, నేను వెలిగిస్తాను, అంది.

*

వంటింటికి గడప కూడా చేశారు వడ్రంగులు. అట్టచెక్క, మీద రంగు. ఆమె దాని ఇవతల కూర్చుంది. ద్వారబంధానికి తల ఆనించింది. బంధం కొంచెం ఊగింది. కళ్ళు మూసుకుంది.

అగ్గిపుల్ల చప్పుడు.

పంపు కొట్టనా?

వద్దు.

ఇప్పుడు?

వద్దు. ఇక్కడ ఏమీ వినపడేది కాదు. చాలాసేపు.

అక్కడ ఆగారు ఇద్దరూ. చాలాసేపు ఏమీ వినపడకపోవడం అంటే ఏమిటి? ఆ సేపట్లో అక్క ఏం చేసేది? పిల్ల వంగి చూసింది. బర్నరు కింద చిన్న గిన్నెలాంటిది ఉంది. అందులో కాస్త కిరసనాయిలు పోసి అంటిస్తే అది తనలో తను కాలుతోంది, మసి మంటతో, చప్పుడు లేకుండా. పైన ఇత్తడి మెల్లగా వేడెక్కుతోంది.

ఆగడమే పని.

మంట తగ్గేదాకా అక్క ఆగేది. ఏ పనీ లేకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చీకట్లో, ఆ చిన్న మంటని చూస్తూ. కుట్టుమిషను దగ్గర తప్ప కూర్చోని మనిషి, అన్నం కూడా నిలబడి తినే మనిషి, రోజూ అంతసేపు ఊరికే కూర్చునేది.

ఏం ఆలోచించేదో.

ఆమెకి ఎప్పుడూ తెలియలేదు. పక్కగదిలో దుప్పటి కింద, ఆ నిశ్శబ్దాన్ని కూడా నిద్రలో కలిపేసుకుంది.

"ఇప్పుడు," అంది ఆమె, కళ్ళు తెరవకుండా.

చిక్, చిక్, చిక్.

భుస్సుమని పొంగు. పిల్ల చిన్నగా అరిచి వెనక్కి జరిగిన గాజుల చప్పుడు. తర్వాత... సర్దుకుంటూ, సన్నబడుతూ, గుండ్రంగా తిరుగుతూ —

వచ్చింది.

డొల్లగోడల్ని దాటుకుని, రేకుల కప్పు దాకా వెళ్ళి, తిరిగి ఆమె తలలోకి వచ్చింది. ద్వారబంధం లోంచి దవడ ఎముకలోకి వచ్చింది.

ఆమె కళ్ళు తెరవలేదు.

నీలం మంట ఆంటీ, నీలం, ఎంత బాగుందో చూడండి, అంటోంది ఆ పిల్ల.

ఆమె చూడలేదు. ఆమెకి చూసి అలవాటు లేదు.

*

ఆ తర్వాత షూటింగు జరిగినన్నాళ్ళూ అదే వరస. లైట్లవాళ్ళు రాకముందే ఇద్దరూ వచ్చేవాళ్ళు. పిల్ల వెలిగించేది. ఆమె గడప ఇవతల కూర్చునేది. పిల్ల కాఫీ కలిపేది. ఘోరంగా కలిపేది. ఒకరోజు కషాయం, ఒకరోజు కడుగునీళ్ళు. ఆమె గ్లాసు ఖాళీ చేసి, బాగుందమ్మా, అనేది. రోగులకి చెప్పినట్టే.

పిల్ల ఇల్లు ఎక్కడో దూరాన ఉంది. ఎప్పుడూ హోటల్ గదులే. గది తలుపు తీస్తే పక్క ముడత లేకుండా పరిచి ఉంటుందనీ, తను అందులో పడుకుందో లేదో తనకే అనుమానం వస్తుందనీ చెప్పింది ఒకరోజు. ఆమె పిల్ల కొంగు సరిచేసి, జారకుండా పిన్నీసు పెట్టింది.

షాటు రోజు వచ్చింది.

డైరెక్టరు తెరమీద చూసి పెదవి విరిచాడు. మొహం సరిగ్గా ఉంది, నడక ఉంది, చేతులు మాత్రం ఆ ఇంటివి కావు అన్నాడు. అరుదైన వస్తువుని పట్టుకున్నట్టు పట్టుకున్నాయి. ఆయన చూపు షెడ్డంతా తిరిగి గడప దగ్గర కూర్చున్న ఆమె మీద ఆగింది.

ఆవిడ చేతులు పెడదాం.

హీరోయిన్ గాజులు తీసి ఆమెకి వేశారు. అవే రంగు చీర కొంగు మోచేతి దాకా కప్పారు. పక్కన పిల్ల కూర్చుంది, కెమెరాకి అందకుండా. భయపడకండి, అని చెవిలో అంది. ఈసారి నేను వింటాను.

అగ్గిపుల్ల గీసింది.

చిన్న మంట.

చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆగింది.

ఆగుతూనే ఉంది. వెనక ఎవరో కదిలారు. ఏమైంది, మొదలుపెట్టరేం, అని డైరెక్టరు గుసగుస. ఆగండి సార్, అని పిల్ల గుసగుస. ఆమె ఎవరినీ వినడం లేదు. మంటని చూస్తోంది. అక్క రోజూ చూసిన మంట. అందులో ఏమీ లేదు. మెల్లగా తగ్గిపోతున్న మంట, అంతే. అది తగ్గుతుంటే పక్కగదిలో ఇంకా నిద్రపోతున్న మనిషి ఉందని తెలిస్తే... అప్పుడది వేరే మంట.

పంపు అందుకుంది. చిక్, చిక్, చిక్.

నీలం విచ్చుకుంది.

కట్ అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆమె మోకాళ్ళ మీద చేతులాన్చి వెనక్కి తిరిగి గడప వైపు చూసింది.

అక్కడ కెమెరా ఉంది.

*

ఇల్లు విప్పేశారు. ఒక్కో గోడని ఇద్దరేసి మనుషులు నెత్తిన పెట్టుకుని పోయారు. గడపని ఒకతను చంకలో పెట్టుకుపోయాడు. సామాన్లు బండెక్కాయి. ఈసారి ఆమె వీధి చివరకి వెళ్ళలేదు. నిలబడి చూసింది.

పిల్ల గట్టిగా కావలించుకుంది. మీ ఇంటికొస్తాను ఆంటీ, కాఫీకి, నిజంగా వస్తాను, అంది. ఫోను నంబరు తీసుకుంది.

ఆ మాట అన్నప్పుడు నిజంగానే అంది. ఆమెకి తెలుసు.

ఒక కొత్త కప్పు కొంది. కెటిల్ పక్కన బోర్లించింది. కొన్నాళ్ళకి ఫోనులో ఒక నవ్వు బొమ్మ వచ్చింది. ఇంకొన్నాళ్ళకి, వేరే ఊళ్ళో ఉన్నాను ఆంటీ, అని వచ్చింది. తర్వాత రాలేదు. పిల్ల మంచిదే. ఆమె బిడ్డా కాదు, చెల్లెలూ కాదు. ఎందుకొస్తుంది.

వానాకాలంలో సినిమా వచ్చింది.

మధ్యాహ్నం ఆటకి వెళ్ళింది. హాల్లో పట్టుమని పాతికమంది లేరు. తడిసిన గొడుగుల వాసన.

ఆ సీను వచ్చింది. చీకటి వంటిల్లు. కిటికీలో గుడ్డ మీద వేసిన చెట్టు. అది నిజం చెట్టులాగే ఊగుతోంది, ఎలా చేశారో. తెర నిండా రెండు చేతులు.

ఆమె ముందుకు వంగింది.

కణుపులు తేలిన వేళ్ళు. చూపుడువేలు కొసన అరిగిన గోరు. అగ్గిపుల్ల చుట్టూ అరచేతిని గాలికి అడ్డంగా దొన్నెలా పట్టిన తీరు... గాలి లేకపోయినా. ఆ తీరు ఆమెకి ఎవరూ నేర్పలేదు.

అక్క.

తెర మీద, గోడంత పెద్దవై, అక్క చేతులు.

తన చేతులు అలా అయ్యాయని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగిన మనిషి లేదు.

చేతులు ఒళ్ళోకి వెళ్ళాయి. ఆగాయి. పంపు అందుకున్నాయి. ఆమె చెవులు రిక్కించింది —

వయొలిన్.

పంపు కదిలింది, చప్పుడు లేదు. నీలం మంట విచ్చుకుంది, చప్పుడు లేదు. దాని మీద మెత్తగా, బాధగా, ఎంతో అందంగా వయొలిన్ మోగుతూనే ఉంది. మొహం వచ్చింది. ఆ పిల్ల మొహం. కళ్ళలో నీళ్ళు. సీను అయిపోయింది.

ముందు వరసలో ఒకావిడ పక్కన ఉన్న కూతురికి చెబుతోంది. మా ఇంట్లోనూ ఉండేదే ఇది, అబ్బ, ఎంత గోల చేసేదనుకున్నావ్.

ఆమెకి ఆవిడ భుజం తట్టాలనిపించింది. అవును కదండీ, అనాలనిపించింది. ఎలా ఉండేదో చెప్పండి, అని అడగాలనిపించింది.

చెయ్యి లేపింది. దించుకుంది.

*

మర్నాడు కొట్టుకి వెళ్ళింది. కొట్టాయన స్టూలు వేశాడు. కనుబొమ్మ పూర్తిగా వచ్చింది.

స్టవ్వు అద్దెకి కావాలంది.

ఆయన నవ్వబోయి ఆగాడు.

"ఏ సినిమాకండీ?"

"చిన్నదే అన్నయ్యగారూ. ఒక్క పొద్దుటికి."

ఆయన స్టవ్వుని పాత పేపర్లో చుట్టి, సోడా సీసాలో కిరసనాయిలు పోసి, గుడ్డపేలిక బిరడాగా కుక్కి, సంచీలో నిలబెట్టి ఇచ్చాడు. మెట్లెక్కేటప్పుడు జాగ్రత్త అన్నాడు.

తెల్లవారుతుండగా లేచింది. ఆ గదికి వంటిల్లు లేదు. మూలన ఒక గట్టు, దాని మీద కెటిల్, బోర్లించిన కప్పు. వాటిని పక్కకి జరిపింది. వంకర కాలి కింద పేపరు మడిచి పెట్టింది.

అగ్గిపుల్ల గీసింది. ఆగింది.

వాన వెలిసిన ఆకాశం కిటికీలో బూడిదరంగుగా ఉంది. కింద ఎవరో షట్టరు ఎత్తారు. ఎక్కడో పాల బండి.

పంపు కొట్టింది. నీలం వచ్చింది, మొదటిసారికే. ఏమీ మొరాయించలేదు. ఆ చేతికి అలవాటున్నట్టే వచ్చింది.

చిన్న గది. హోరు ఎటూ పోవడానికి చోటు లేక గోడల్ని పట్టుకుని తిరిగింది. గిన్నెలో నీళ్ళు పెట్టింది. మూత పెట్టింది. చీర కొంగుకి చేతులు తుడుచుకుంది.

అప్పుడు తెలిసింది.

స్టవ్వు దగ్గర కూర్చుంటే అది మామూలు చప్పుడు. చెవుల్ని కోసే చప్పుడు. ఇన్నేళ్ళూ ఆమె విన్నది ఇది కాదు.

లేచింది. గది దాటి, మేడమెట్ల వైపు తెరుచుకునే తలుపు గడప దగ్గరికి వెళ్ళి, స్టవ్వుకి వీపు పెట్టి కూర్చుంది. ద్వారబంధానికి తల ఆనించింది. కళ్ళు మూసుకుంది.

వచ్చింది.

వెనకనుంచి, మెత్తబడి, వెచ్చబడి, నిద్రలాగా వచ్చింది.

కాసేపటికి నీళ్ళు మరిగాయి. మూత ఎగిరెగిరి పడుతోంది. ఎవరో ఒకరు వెళ్ళి దించాలి. ఎవరో ఒకరు కాఫీ కలపాలి. పొంగిన నీళ్ళు మంట మీద పడి చుర్రుమన్నాయి.

తను వెనక్కి తిరగనంతసేపూ అక్కడ ఎవరో ఉన్నట్టే.

మూత కొట్టుకుంటోంది...

ఆమె కళ్ళు ఇంకాస్త గట్టిగా మూసుకుంది.